దయక్క ఇంటి వాయనం

మైదాపిండి జిగురు ఉడుకుతుంటే ఒక వాసన వస్తుంది. అటు గంజీ కాక ఇటు రొట్టే కాక, రెంటికీ చెడ్డ వాసన. డిసెంబరు నెలలో మహబూబాబాద్‌లోని మా ఇంటి వంటగదిలోంచి ఆ వాసన రాగానే మా ఆయన తలుపు దగ్గర నిలబడి, "ఏంది, రొట్టెలా?" అని ఆశగా అడుగుతాడు. "జిగురు" అంటాను. చెప్పులు వేసుకుని ఇడ్లీ తెచ్చుకోవడానికి వెళ్ళిపోతాడు. ఈ ఏడు కూడా అంతే జరిగింది. ఆఫీసులో మిగతావాళ్ళు పండుగ కానుకలను ఫోన్లో నొక్కి తెప్పించుకుంటారు. నేను మాత్రం పాత అట్టపెట్టెలు, పురికొస, పతంగుల కాగితం, ఇంత దూది ముందేసుకుని ఎవరికి ఏం చేయాలా అని కూర్చున్నాను. మా అమ్మాయి వైష్ణవి నేను కత్తిరించిన అట్టను అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మా, గిది ఒంటెనా, కుర్చీనా?" అంది. "దేవదూత" అన్నాను.

మేము చర్చికి వెళ్ళేవాళ్ళం కాము. మా ఇంటి దేవుడు మల్లన్న. అయినా క్రిస్మస్ వస్తోందంటే నా చేతులు ఊరుకోవు. దానికి కారణం దయక్క. ఆమె నాకు కాగితం కత్తిరించడం నేర్పిందని చెప్పలేను, ఎందుకంటే ఆమెకే సరిగ్గా రాదు. ఆమె గీసిన గొర్రెకు ఒక్కోసారి అయిదు కాళ్ళు వచ్చేవి. కానీ చేసినదాన్ని ఎదుటివాళ్ళ చేతిలో ఎలా పెట్టాలో ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఆ చదువు ఏ బడిలోనూ చెప్పలేదు.

దయామణి మా ఊరికి నర్సమ్మగా వచ్చింది. మాది దేవరుప్పుల. నేను అప్పుడు నాలుగో తరగతి. మా ఇంటి ముందర్ర, అంటే వాకిలి వైపు గది, ఖాళీగా ఉందని మా అవ్వ, బాపును కన్న నాయనమ్మ, ఆమెకు అద్దెకిచ్చింది. ఒక ట్రంకు పెట్టె, ఒక మడత కుర్చీ, సూదుల డబ్బాతో ఆమె రిక్షా దిగిన రోజు నుంచీ మా వాడలో పిల్లలందరం దారి మార్చేశాం. బడికి దగ్గరి తోవ ఆమె తలుపు ముందు నుంచే కాబట్టి, మేం గొడ్ల కొట్టం చుట్టూ తిరిగి, పేడలో కాళ్ళు పెట్టుకుంటూ పోయేవాళ్ళం. ఎవరింట్లో పిల్లలు అన్నం తినకపోయినా తల్లులు "సూదులమ్మను పిల్వన్నా?" అనేవారు. పాపం ఆమె ఎవరి అన్నం సంగతీ అడిగిన మనిషి కాదు. ఇరవై నాలుగైదేళ్ళ పిల్ల, నవ్వితే పై పన్ను ఒకటి పక్కపన్ను మీదికెక్కి కనిపించేది.

పిల్లల భయం సూదికి. పెద్దవాళ్ళ సంగతి వేరు. దయక్క రోజూ పొద్దున తలుపు తీసి చాయ పెట్టేది, వాకిట్లో కనిపించిన వాళ్ళనల్లా పిలిచేది. అందరూ గుమ్మం కడప బయటే నిలబడి నవ్వుతూ, "ఇప్పుడే తాగిన బిడ్డా" అనేవారు. మా అవ్వ అయితే ఇంట్లో పాలింకా పిండకముందే, మొహమైనా కడుక్కోకముందే "ఇప్పుడే తాగిన" అనేది. ఎక్కడ తాగిందో ఆ మల్లన్నకే తెలియాలి. ఆమె ఏ కులం నుంచి చర్చికి వెళ్ళిందో వాడంతటికీ తెలుసు. ఎవరూ పైకి అనేవారు కాదు. ఒకసారి దయక్క మా అవ్వ నడుముకు సూది వేసి, దూదితో రుద్దుతూ నవ్వుతూనే అంది.

"అవ్వా, నా చేతి మందు నెత్తుర్ల కలిస్తే ఏం గాదు గని, నా చేతి చాయ గొంతు దిగదా?"

"ఓ పిల్లా, సూది నొప్పికి మొత్తుకుంటుంటే చాయ ముచ్చట ఏందే నీది" అని అవ్వ మొహం గోడకు తిప్పుకుంది. అప్పుడు నాకు ఆ మాట అర్థం కాలేదు. అవ్వ మాత్రం ఆ రోజు పొద్దుమూకేదాకా ఆ గోడ వైపే తిరిగి పడుకుంది.

ఆ డిసెంబరులో దయక్కకు సెలవు దొరకలేదు. ఆమె సొంతూరు మానుకోట, మహబూబాబాద్‌ను ఇప్పటికీ సగం మంది అలాగే అంటారు. ఇంటికి పోకుండా పండుగ చేసుకోవడం ఆమెకదే మొదటిసారి. ఒక సాయంత్రం నేను గొడ్ల కొట్టం తోవలోంచి వస్తుంటే అరుగు మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది. సూది వేసే మనిషి ఏడవడం నేను ఎన్నడూ చూడలేదు. భయం మరిచిపోయి ఆగిపోయాను.

"ఎవలన్న నీకు సూది ఇచ్చిన్రా అక్కా?" అన్నాను.

ఆమె ఏడుపులోంచే నవ్వేసింది. "లేదే సరితా. పండుగనాడు మా ఇంట్ల ముప్పై మంది తింటరు. ఈడ నేను వండుకొని, నేనే తిని, నేనే గిన్నెలు తోముకోవాలె. వండుకున్నది ఒక్కదాన్నే తింటే అది పండుగెట్లయితదే?"

"మేమొస్తం" అన్నాను. పిల్లలం కదా, మాటకు పైసా ఖర్చా.

"మీ అవ్వ వస్తదా?" అని అడిగింది దయక్క. "మీ అవ్వ వచ్చి నా ఇంట్ల ఒక్క ముద్ద నోట్లె ఏసుకుంటే వాడంత వస్తది. నాకెర్కే."

ఆ మాట నిజం. మా వాడలో ఎవరింట్లో ఏం తినొచ్చో, ఎవరి పెండ్లికి పోవచ్చో మా అవ్వను చూసి నిర్ణయించుకునేవారు. అవ్వను దయక్క కడప దాటించడం ఎలా? ఆ రోజు నుంచి నాకు అదే చింత. ఎక్కాల పరీక్షకు కూడా నేను అంత పరేషాన్ కాలేదు.

మరుసటి రోజు నుంచి దయక్క ముందర్ర మా కార్ఖానా అయింది. ఆమె దగ్గర సూది ఎలాగూ సాయంత్రం పూట ఉండదని నేను వాడలోని పిల్లలకు హామీ ఇచ్చాను. మొదట ఇద్దరు, తరువాత పదిమంది. రంగు కాగితాలు కొనే స్తోమత లేదు కాబట్టి దవాఖానలో పనికిరాకుండా పోయినవన్నీ మా దగ్గరికి వచ్చాయి. మందుల అట్టపెట్టెలు కానుకలయ్యాయి. దూది మంచు అయింది. మంచు ఎట్లుంటదని అడిగితే "నేనేమన్న చూసిన్నా? తెల్లగుంటదట, అంతే" అంది దయక్క. మొదటి రోజు చేసిన కాగితపు గొలుసును కిటికీకి కట్టి పోతే, తెల్లారేసరికి మైదా జిగురు వాసనకు పక్కింటి మేక వచ్చి, ఆ చివర నుంచి ఈ చివర దాకా నమిలేసింది. "మా పండుగకు తొలి సుట్టం వచ్చి తినిపోయింది" అని దయక్క మురిసిపోయింది.

ప్రతి పిల్లా తన ఇంట్లో ఒకరికి కానుక చేసివ్వాలి, ఇస్తూ పండుగకు పిలవాలి. అదీ దయక్క వేసిన ఎత్తు. నేను అవ్వ కోసం తమలపాకుల పెట్టె చేశాను. మందుల పెట్టెకు చింతగింజలు అంటించాను. సగం గింజలు అప్పుడే రాలిపోయాయి, మూత ఒక పక్కకు వాలింది. దయక్కకు చూపిస్తూ, "బాగ రాలేదక్కా" అన్నాను. ఆమె చేతిలోని కత్తెర కింద పెట్టేసింది.

"గా మాట ఇంకోసారి నా ఇంట్ల వినపడద్దు. నువ్వే బాగలేదంటే తీస్కునేటోల్లు ఏం జెయ్యాలె? నీకు ఓదార్పు చెప్పాల్నా, కానుక తీస్కోవాల్నా? ఇచ్చేటప్పుడు రెండు చేతులతోని ఇయ్యాలె. నోరు మూసుకోవాలె. వాల్లు తీస్కునేదాంక చెయ్యి ఎనుకకు గుంజద్దు."

"ఏందిది అని అడుగుతె?"

"ఏందో చెప్పు. ఎట్లున్నదో చెప్పకు."

నేను ఆ పెట్టెను రెండు చేతులతో అవ్వ ముందు పెట్టాను, నోరు మూసుకున్నాను, చెయ్యి గుంజలేదు. అవ్వ చాలాసేపు చూసింది. మూత మీదున్న అక్షరాలేమిటని బాపును అడిగింది. బాపు కళ్ళద్దాలు సవరించుకుని, "చల్లని చోట ఉంచవలెను" అని చదివాడు. అవ్వ ఆ ఆజ్ఞను శిరసావహించి పెట్టెను తీసుకుపోయి నీళ్ళ రంజను పక్కన పెట్టింది. జీవితాంతం అక్కడే ఉంచింది కూడా. "దయక్క ఇంటికి పండుగకు రావాలె అవ్వా" అంటే మాత్రం, "చూద్దాం తీయ్" అంది. మా ఇంట్లో "చూద్దాం తీయ్" అంటే రానని అర్థం.

అసలు గొడవ చెట్టుతో వచ్చింది. క్రిస్మస్‌కు పచ్చని చెట్టొకటి కావాలట. దయక్క ఎక్కడినుంచో తుమ్మకొమ్మ తెప్పించింది. దానికి దూది అంటించబోతే అందరి వేళ్ళూ నెత్తురే. "సూది లేదంటివి గద!" అని పిల్లలు నా మీద పడ్డారు. ఆ రాత్రికి మేక ఆకులు కూడా పూర్తిచేసింది. పండుగ రేపనగా మాకు చెట్టు లేదు. దయక్క మొహం వాడిపోయింది. నాకు గోపురంలాంటిది చేయడం ఒకటే వచ్చు. మా ఊళ్ళో ఆడపిల్లలందరికీ వచ్చు. అటక మీద బతుకమ్మ పండుగనాటి ఎండిన గునుగుపువ్వు మిగిలి ఉంది, పెరట్లో బంతి, చేమంతి విరగబూసి ఉన్నాయి. బతుకమ్మను పేర్చే ఇత్తడి పళ్ళెం తెచ్చి, వరుస మీద వరుసగా పేర్చుకుంటూ పోయాం. నా నడుమెత్తు లేచింది.

"ఏంది గిది, అచ్చం బతుకమ్మ లెక్కున్నది!" అంది దయక్క.

"కొనకు చుక్క పెడితే చెట్టయితది అక్కా" అన్నాను. పైన దూది చల్లి, కొనకు వెండి కాగితం చుక్క పెట్టాం. నిజం చెప్పాలంటే అప్పటికీ అది బతుకమ్మే. జలుబు చేసి దూది కప్పుకున్న బతుకమ్మ.

పెద్ద నక్షత్రం ఇంకోటి ఇంటి ముందు వేలాడదీయాలి. వెదురు బద్దలు కట్టి పతంగుల కాగితం అంటిస్తే గాలికి చిరిగిపోయింది. గట్టిగా ఉండాలని దవాఖాన పాత పోస్టర్లు లోపల అంటించి, వాటిపైన ఎర్ర పతంగి కాగితం వేశాం. పగటిపూట ఎంత ముద్దుగా ఉందో. లోపల బల్బు పెట్టి, జనగామ చర్చి పాస్టరు గారు వచ్చాక వెలిగిద్దామని ఆపుకున్నాం.

పండుగ సాయంత్రం దయక్క గుమ్మంలో నిలబడింది. లోపల కోడికూర ఘుమఘుమలాడుతోంది. పొయ్యి మీద గుండిగలో ఇసుక పోసి కాల్చిన కేకు అడుగంటి, ముక్కలు కోయబోతే ముక్కలు కాకుండా పొడిపొడి అయిపోయింది. దాన్ని పళ్ళెంలో కుప్ప పోసింది. "బాగ రాలేదా అక్కా?" అని నేను నోరుజారబోయి, ఆమె చూపు చూసి మింగేశాను. పిల్లలమంతా వచ్చాం. పెద్దవాళ్ళు ఎవరూ రాలేదు. ఎవరి వాకిట్లో వాళ్ళు నిలబడి చూస్తున్నారు. అవ్వ మా అరుగు మీద కూర్చుని తమలపాకు నములుతోంది. దయక్క నవ్వుతూనే ఉంది కానీ చేతిలోని కొంగు చివరను మెలిపెట్టి మెలిపెట్టి తాడు చేసింది.

అంతలో పాస్టరు గారు జనగామ నుంచి మోపెడ్ మీద వచ్చారు. ముందు ఇద్దరు పిల్లలు, వెనక ముగ్గురు, నడుమ ఎక్కడో ఆయన భార్య. అందరూ దిగడానికే కాసేపు పట్టింది. దయక్క గర్వంగా స్విచ్చి వేసింది. నక్షత్రం ఎర్రగా వెలిగింది. వెలుగుతోపాటే లోపలి పోస్టరు అక్షరాలు నల్లగా, గుండ్రంగా, వాడంతా చదువుకునేలా బయటికొచ్చాయి: "ఇద్దరు చాలు."

పాస్టరు గారు నక్షత్రం వైపు చూశారు. తన పిల్లల వైపు చూశారు. మళ్ళీ నక్షత్రం వైపు చూసి, నిదానంగా అన్నారు.

"సందేశం మంచిదే సిస్టర్. మాకే జర లేటుగ అందింది."

ఆయన భార్య ఫక్కున నవ్వింది. దాంతో వాడంతా ఘొల్లుమంది. నవ్వుకుంటూ, ఇంకేం రాసుందో చూద్దామని ఆడవాళ్ళు ఒక్కొక్కరే దగ్గరికి వచ్చారు. వచ్చి నక్షత్రం కింద ఉన్న మా చెట్టును చూశారు. అక్కడే జరిగింది తమాషా. మా ఊరి ఆడవాళ్ళ ముందు పూలు గుండ్రంగా పేర్చి పెట్టి, "దీని చుట్టూ తిరగకండి" అంటే ఎలా? ఎవరో ఒకామె చప్పట్లు కొట్టింది. ఇంకొకామె అందుకుంది.

"సూదులమ్మ ఇంటి ముందు ఉయ్యాలో, దూది పూలు పూసెనమ్మ ఉయ్యాలో!"

చూస్తుండగానే వలయం కట్టారు. అరుగు మీద అవ్వ కాలు ఆడించడం మొదలుపెట్టింది. తరువాత చెయ్యి. ఆ తరువాత, "గట్లనా పాడేది? తాళమే తప్పిన్రు" అని తిట్టుకుంటూ లేచి వచ్చి, వలయంలో దూరి, అందరికంటే గట్టిగా ఎత్తుకుంది. పాస్టరు గారు చేతిలో పుస్తకం పట్టుకుని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నిలబడ్డారు. ఆయన పిల్లలు అయిదుగురూ అప్పటికే తిరుగుతున్నారు.

పాట అయిపోయింది. పాట అయితే బతుకమ్మ చెరువుకు పోవాలి. అది ఎవరూ ఆలోచించి చేసే పని కాదు. మా వాడ ఎల్లమ్మత్త కొంగు చుట్టబెట్టి, ఆ చెట్టును పళ్ళెంతో సహా ఎత్తి తల మీద పెట్టుకుని, చెరువు తోవ పట్టింది. వెనక జనం.

"అయ్యో అత్తా, చెట్టును చెరువుల ఎయ్యరే!" అని దయక్క చెప్పులు లేకుండా పరుగెత్తి మూలమలుపు దగ్గర పట్టుకుంది.

"మరేం జేస్తరే దీన్ని?"

"ఏం జెయ్యరు. ఊకె ఉంచుతరు."

"పండుగ జేసి సాగనంపకుంట ఊకె ఉంచుతరా? గిదేం పద్ధతే?" అని అందరూ నిలదీశారు. చివరికి తీర్పు అవ్వదే అయింది. చెట్టును వెనక్కి తీసుకొచ్చి, ఒక్క బంతిపువ్వు తీసి మా వాకిట్లోని నీళ్ళ గోళెంలో వేయించింది. "ఇగ అయింది" అంది. పువ్వు నీళ్ళలో తేలుతుంటే ఆడవాళ్ళంతా దయక్క గుమ్మం ముందు వరుసగా నిలబడ్డారు. సాగనంపిన తరువాత ఏం చేస్తారో అది చేశారు. కుడిచేతులు చాపారు. మా దగ్గర బతుకమ్మను నీళ్ళలో వదిలాక, రొట్టె పొడి చేసి బెల్లం కలిపిన మలీదను ఒకరికొకరు వాయనం ఇచ్చుకుంటారు. చేతులకు ఆ అలవాటుంది. మనుషులకంటే చేతులే ముందు చాచుకున్నాయి.

దయక్క ఆ చేతులన్నీ చూసింది. లోపలికి వెళ్ళి పళ్ళెం తెచ్చింది. అడుగంటి పొడైపోయిన ఆ కేకు అచ్చం మలీదలాగే ఉంది. మొదట అవ్వ ముందు నిలబడింది. అవ్వకు అప్పుడు గుర్తొచ్చింది తానెక్కడ నిలబడి ఉందో. మొహంలో తెలిసిపోయింది. చాపిన చెయ్యిని సగం ముడుచుకుంది. దయక్క పళ్ళెం పక్కనున్న పిల్ల చేతిలో పెట్టి, పిడికెడు పొడి తీసుకుని, రెండు చేతులతో పట్టుకుని, "ఇస్తినమ్మ వాయనం" అంది. అంతే. ఇంకేం అనలేదు. చెయ్యి వెనక్కి గుంజలేదు. పుట్టినప్పటి నుంచీ ఆ మాటకు అవ్వకు తెలిసిన జవాబు ఒక్కటే.

"పుచ్చుకుంటినమ్మ వాయనం" అంది అవ్వ. పుచ్చుకుంది. నోట్లో వేసుకుంది.

తరువాత వరుసలో ఎవరూ ఆగలేదు. నాకు ఎందుకో ఏడుపొచ్చింది, ఎవరూ చూడకుండా గోళెం దగ్గర మొహం కడుక్కున్నాను. వెనక నుంచి అవ్వ గొంతు వినిపించింది.

"మెత్తగున్నదే పిల్లా. ఏమేసినవ్ గిండ్ల?"

"కోడిగుడ్లు అవ్వా."

"ఓ నీ తల్లి! ఇయ్యాల శనివారం గదనే! మింగినంక చెప్తవా?"

"మీరు మింగినంకనే అడిగితిరి గద అవ్వా" అంది దయక్క. పక్కపన్ను మీదికెక్కిన ఆ పన్ను నక్షత్రం వెలుగులో ఎర్రగా మెరిసింది.

తెల్లవారి పొద్దున్నే అవ్వ చేతికర్ర టకటకలాడించుకుంటూ ముందర్ర కడప దాటి లోపలికే పోయింది. "ఏందే దయమ్మా, పొద్దెక్కినా చాయ పెట్టవా? రాత్రి సంది తాగలే" అంది. ఆ తరువాత దయక్క ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ, ఆమె చాయలో చక్కెర ఎక్కువైందని తిట్టుకుంటూ రోజూ అక్కడే తాగింది.

దయక్కకు పెండ్లయింది, బదిలీ మీద బదిలీ అయి భూపాలపల్లి చేరింది. ఈ వానకాలంలో ఆమె చనిపోయిందని ఫోను వచ్చింది. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఆమె కూతురు స్టెల్లా నన్ను పట్టుకుని ఏడ్చి, తరువాత గుమ్మం పైకి చూపించింది. వానకాలంలో కూడా అక్కడ నక్షత్రం వేలాడుతోంది. ఒక కొమ్ము వంకర. "అమ్మ ప్రతి ఏడు చేసేది అక్కా. లోపల పాత పోస్టరు ఉండాల్సిందే అనేది. దొరకకుంటే తనే పెద్ద పెద్దగ రాసుకునేది" అని స్విచ్చి వేసింది. "ఇద్దరు చాలు" అని వెలిగింది. కింద స్టెల్లా, ఆమె చెల్లె, తమ్ముడు, ముగ్గురూ నిలబడి ఉన్నారు. చావింట్లో నవ్వకూడదని నాకు తెలుసు. ముందు స్టెల్లా నవ్వింది, తరువాత నేను. కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతూనే ఉన్నాం.

ఇప్పుడు నా ముందు జిగురు చల్లారుతోంది. వైష్ణవి నేను కట్టిన వెదురు బద్దలను చూసి, "ఇదైతే గబ్బిలమే" అని తేల్చేసింది. ఈ ఏడు స్టెల్లా వాళ్ళింటి గుమ్మానికి నక్షత్రం చేసే మనిషి లేదు. అందుకని దవాఖానలో అడిగి ఒక పాత పోస్టరు సంపాదించాను. శనివారం పొద్దున బస్సుకు భూపాలపల్లి పోతాను, దీన్ని ఒళ్ళో పెట్టుకుని. ఒక కొమ్ము ఎంత సాగదీసినా నిలబడటం లేదు, జిగురు మరకలు కనిపిస్తున్నాయి. స్టెల్లా గుమ్మంలో నిలబడి రెండు చేతులతో ఇస్తాను. "ఇస్తినమ్మ వాయనం" అంటాను. జవాబు వచ్చేదాకా నోరు మూసుకుంటాను, చెయ్యి మాత్రం వెనక్కి గుంజను.